చూడటానికి మాత్రమే

కంప్యూటరులో ఫైలు తెరవబోతే ముందు తెర మీద ఒక చిన్న పెట్టె వచ్చింది. దీన్ని చదవడానికి మాత్రమే తెరవాలని రాసినవారు కోరుతున్నారు, అలాగే తెరవమంటారా అని అడిగింది. కింద అవును, కాదు.

అక్క ఆ పెట్టెను చూస్తూ కూర్చుంది. ఆ కిటుకు చెల్లెలికి నేర్పింది తనే. పోయిన వారం చెల్లెలు ఫోన్ చేసి, తెరిచినవాళ్ళు చదువుకోవాలే గానీ చెయ్యి పెట్టకూడదు, దానికి దారేమిటని అడిగింది. ఎవరి కోసమని అడగకుండా అక్క ఓపిగ్గా చెప్పింది. పాస్‌వర్డ్ పెడితే నువ్వే మర్చిపోతావు, ఇది చాలు, మర్యాద ఉన్నవాళ్ళు ఆగుతారు అంది.

అక్క అనువాదాల ఆఫీసులో ప్రూఫులు దిద్దుతుంది. అక్కడ ఆమెను చాటుగా గిల్లుడమ్మ అంటారు. ఊరికే చూసి ఇస్తానని తెరిచినదాన్ని కూడా ఎక్కడో ఒకచోట గిల్లందే వదలదు. పూర్తయిన ఫైళ్ళన్నిటికీ ఆఫీసువాళ్ళు ఈ పెట్టె తగిలించింది ఆమె ధాటికి తట్టుకోలేకే.

అవును నొక్కింది.

అమ్మ గురించి చెల్లెలు రాసింది. రేపు అమ్మ సంస్మరణకు బంధువులందరూ కూర్చున్నచోట చదువుతుంది. ఫైలు ఇద్దరూ తెరవగలిగే ఫోల్డరులో ఉంది, పొద్దున్నే మరిది, చెల్లెలి భర్త, అందులోంచే ప్రింటు తీస్తాడు. అమ్మ కుట్టుమిషను, అమ్మ కోపం, మారిన అద్దె ఇళ్ళు. తర్వాత, రెండో పేజీ మధ్యలో:

'అమ్మ పోయిన మధ్యాహ్నం అక్క ఏడవలేదు. అమ్మ పాపిడి వంకరగా ఉందని నర్సును దువ్వెన అడిగింది.'

అక్క అక్కడ ఆగిపోయింది. నిజమే, అడిగింది. పళ్ళు విరిగిన నీలం దువ్వెన. దువ్వుతున్నప్పుడు తనకేమనిపించిందో లోపల వెతికి చూసింది. సామాను తీసేసిన గదిలో లైటు వేసినట్టు గోడలు కనిపించాయి, అంతే. రేపు ఇది వినగానే పెద్దత్త మెల్లగా తలతిప్పి చూసే చూపు మాత్రం ఇప్పుడే స్పష్టంగా కనిపించింది. పెద్దత్త అలా చూస్తూనే పక్కనున్న పిన్ని చెయ్యి నొక్కుతుంది.

ఫైలు మూసి మళ్ళీ తెరిచింది. ఈసారి కాదు నొక్కింది. ఆ రెండు వాక్యాల మీద మౌసు లాగితే బూడిదరంగులోకి తిరిగాయి. డిలీట్ మీట నొక్కింది. కింది మాటలు పైకి జరిగి ఖాళీ పూడిపోయింది. ఆ మాటలేమిటో చదవలేదు, అతుకు తెలుస్తోందా అని మాత్రమే చూసింది. తెలియడం లేదు. పని శుభ్రంగా కుదిరిందనుకుంది. అలా అనుకున్నందుకు కూడా తనకేమీ అనిపించలేదు.

సేవ్ చెయ్యబోతుంటే ఫోన్ మోగింది.

"చదివావా అక్కా?"

"చదువుతున్నా."

"గిల్లావా?"

"కాపలా పెట్టావుగా." గొంతు మామూలుగానే వచ్చింది.

ఆ కాపలా నీకోసమే పెట్టానని చెల్లెలు నవ్వింది. కుర్చీలు దిగాయంది. పెద్దత్త అప్పుడే ముందు వరస తనదని చెప్పిందంది. మరిది ప్రింటరుతో కుస్తీ పడుతున్నాడంది. తర్వాత కొంచెం తగ్గి మాట్లాడింది.

"ఆ దువ్వెన సంగతి వద్దనిపిస్తే చెప్పక్కా. తీసేస్తాను."

అక్క తెర వైపు చూసింది. అది అక్కడ లేదు.

"అసలెందుకు రాశావు?"

"ఎందుకేమిటి? నేనేమో గోడకేసి తిరిగి ఏడుస్తున్నాను. అమ్మ మొహం చూడాలంటే భయం. నువ్వు తల దువ్వాకే చూడగలిగాను. అది కూడా రాశాను కదా, ఆ కిందే ఉంది. చదవలేదా?"

"ఇంకా అక్కడిదాకా రాలేదు."

"తీసెయ్యనా మరి?"

"ఉండనీ."

చెల్లెలు ఇంకేదో అడగబోయి, మరిది పిలిస్తే ఫోన్ పెట్టేసింది.

ఫైలు మూస్తుంటే, చేసిన మార్పులు సేవ్ చెయ్యమంటారా అని అడిగింది. అక్క వద్దంది. మళ్ళీ తెరిచి, అవును నొక్కి, రెండో పేజీకి వచ్చింది. రెండు వాక్యాలూ ఉన్నచోటే ఉన్నాయి. ఇప్పుడైనా ఏడుపొస్తుందేమోనని కాసేపు చూసింది. రాలేదు.

అక్కణ్ణించి కిందికి చదవడం మొదలుపెట్టింది.