పాట పట్టే డబ్బా

లింగయ్య సంచిలో అడుగున దుప్పటి పెట్టాడు. దాని మీద రెండు చీరలు, సబ్బు, స్టీలు గ్లాసు. రవికెలు మాత్రం భార్య ఈరమ్మే పెట్టుకుంది. కట్టు కట్టాక మెడ ఒరుసుకోకూడదని నిన్ననే కూర్చుని వాటి మెడలు కత్తిరించి వదులు చేసుకుంది.

"అద్దం పెట్టకు" అంది బొంగురు గొంతుతో. "కోసినంక నా మెడ నేను సూస్కోను."

ఆమె గొంతులో గడ్డ లేచి ఏడాది కావస్తోంది. ఈ సాయంత్రమే ఆపరేషను. మనిషి దక్కుతుంది, మాట దక్కుతుందని మాత్రం చెప్పలేనని పెద్ద డాక్టరు ముందే అన్నాడు. ఆ రోజు నుంచి లింగయ్యకు తిండి సరిగ్గా దిగలేదు.

టీవీ కింద మూలన పక్కరేకు లేని కంప్యూటరు డబ్బా ఒకటి ఉంది. లింగయ్య హైటెక్ సిటీలో ఒక ఆఫీసు భవనంలో లైట్లూ ఫ్యాన్లూ చూసుకునే పనివాడు. అక్కడ పాతబడిన కంప్యూటర్లు బాలానగర్‌లో స్వామి తుక్కు దుకాణానికి చేరతాయి. స్వామి ఒకదాని పెట్టె, మరొకదాని హార్డ్ డిస్కు, ఎక్కడో అడుగున పడి ఉన్న టీవీ కార్డు తీసి, కలిపి ఇచ్చాడు. సెట్‌టాప్ బాక్సు నుంచి వైర్లు కలిపితే చాలు, చెప్పిన సమయానికి టీవీలో వచ్చేది అదే పట్టి దాచుకుంటుందన్నాడు.

పట్టాల్సింది ఒక్క పాట. పోయినేడు బతుకమ్మకు, గడ్డ లేవక ముందు, ఈరమ్మ ఊడ్చే అపార్ట్‌మెంట్లలో పనివాళ్లందరూ ఆడితే టీవీవాళ్లు వచ్చి తీసుకున్నారు. పాట అందుకున్నది ఈరమ్మే. పండుగ దగ్గర పడుతోందని దాన్ని ఈ రోజు నాలుగింటికి ఒక్కసారి వేస్తారట. ఆ పాట కావాలని లింగయ్య టీవీవాళ్ల ఆఫీసుకు పోతే గేటు దగ్గరే తిప్పి పంపారు. ఆ గొంతు ఇంకెక్కడా లేదు. నాలుగింటికి ఇంట్లో మనిషెవరూ ఉండరు.

పరీక్షకని ముందుగా ఒక సీరియల్ పట్టి చూపిస్తే ఈరమ్మ నవ్వింది. "నిన్న సచ్చిన అత్త మళ్ల లేసి కొట్లాడుతుంది గదనే. పెండ్లినాడు ఒక్క ఫోటో తీపియ్యలే, ఇప్పుడు నాకు డబ్బాలు కడ్తున్నవు."

ఆటో వచ్చిందని కూతురు ప్రవళిక కింద నుంచి కేకేసింది. ఈరమ్మ గడప దగ్గర ఆగింది.

"పడ్తదా?"

"పడ్తది. జర ఫికర్ చెయ్యకు."

అందరికంటే వెనక లింగయ్య దిగాడు.

దవాఖానలో మంచం ఇచ్చారు, చీటీలు రాశారు, కూర్చోమన్నారు. పక్క మంచం ఖాళీ అయింది. ఆయా వచ్చి దుప్పటి లాగేసి, పోతూపోతూ టక్కున స్విచ్చి నొక్కి దాని మీది లైటు ఆర్పేసింది.

ఆ చప్పుడుకు లింగయ్య తన కుడిచెయ్యి వైపు చూసుకున్నాడు.

ఆఫీసులో రోజూ అతని ఆఖరి పని అదే. మనుషులు వెళ్లిపోయిన గదుల్లో అన్నీ ఆర్పి రావడం. ఒక్క లైటు వెలిగినా సూపర్‌వైజరు తిడతాడు. ఇన్నేళ్లుగా ఆ చెయ్యి అతన్ని అడగకుండానే ఆ పని చేస్తోంది. ఇందాక ఇంట్లోంచి వస్తూ ఎడమచేత్తో సంచి ఎత్తుకున్నాడు. కుడిచెయ్యి తలుపు పక్కన కరెంటు మెయిన్ స్విచ్చి కిందికి దించింది. తాళం చెవి జేబులో ఉంది.

"ఈరమ్మా, మెయిన్ బంద్ చేసొచ్చిన."

ఆమె కోపగించలేదు. "నన్నెప్పుడు తోల్కపోతరంట?" అని కూతుర్నడిగింది.

"ఇంకా శానా టైముందన్నరమ్మా."

"అయితే పో" అంది మొగుడితో. "రేపటి సంది నా నోరు పడిపోతే నీతోని కొట్లాడేది ఆ డబ్బానే."

"నిన్నిట్ల ఇడిసిపెట్టి యాడికి పోవాలె?"

"బిడ్డ లేదా నా తాన? పో అంటున్న గద."

మంచం పట్టీ మీదున్న అతని చేతిని ఆమె తన చేత్తో పక్కకు తోసింది. పిలుస్తుందేమోనని లింగయ్య తలుపు దగ్గర ఒక క్షణం ఆగాడు. పోయే మనిషిని వెనక నుంచి పిలిచే అలవాటు ఆమెకు లేదు. పిలవలేదు.

మియాపూర్ మెట్రోలో నిలబడ్డాడు గానీ నిలబడినట్టు లేదు. ప్రతి స్టేషన్‌లో తలుపులు తెరుచుకుని, ఎవరూ ఎక్కకపోయినా అలాగే ఉండిపోతున్నట్టు అనిపించింది. దిగి, బస్సు డిపో వెనక తమ ఇంటి సందులో పరుగెత్తాడు. చెప్పులొకటి తెగితే రెండూ అక్కడే విడిచాడు.

మెయిన్ పైకి ఎత్తాడు. టీవీ వెంటనే వచ్చింది. కార్యక్రమం అప్పటికే మొదలైంది. డబ్బాలో ఫ్యాను మూలిగింది, నల్లటి తెర మీద తెల్ల అక్షరాలు ఒక్కొక్క వరసా మెల్లగా దిగుతున్నాయి.

"లెవ్వే, లెవ్వు నా తల్లీ" అని దాని రేకు మీద అరచేత్తో తట్టాడు. టీవీలో ఆడవాళ్లు చప్పట్లు కొడుతూ చుట్టూ తిరుగుతున్నారు. డబ్బా లేచింది. స్వామి చూపించిన చోట నొక్కాడు. ఎర్రచుక్క వెలిగింది.

అప్పుడు ఆకుపచ్చ చీరలో ఈరమ్మ ఒక అడుగు ముందుకేసి పాట అందుకుంది. ఆ గొంతు రెండు గదులూ నిండి, తెరిచిన తలుపులోంచి సందులోకి పోయింది. లింగయ్య కింద కూలబడ్డాడు.

ఫోను మోగింది. ప్రవళిక ఏడుస్తోంది.

"బాపూ, అమ్మను ముందే తోల్కపోయిండ్రు. ముందటి ఆమెకు బీపీ ఎక్కువుందని ఆపిండ్రంట. నీకోసం సూసింది బాపూ."

"ఏమన్నా అన్నదా?"

"పాట పడ్డదా అడుగు అన్నది. ఫోన్ల ఇనిపిద్దమనుకున్న. అప్పటికే తలుపు మూసిండ్రు."

 పాట అయిపోయి ప్రకటనలు వచ్చాయి. ఎక్కడ ఏది నొక్కితే ఏం చెరిగిపోతుందోనని అతను దేన్నీ ముట్టుకోలేదు. లైటు, ఫ్యాను, టీవీ, డబ్బా, అన్నీ నడుస్తుండగానే తలుపు దగ్గరికేసి, ఉత్తకాళ్లతో దవాఖానకు పరుగెత్తాడు. ఖాళీ ఇంట్లో ఎర్రచుక్క వెలుగుతూనే ఉంది. బంగారం ధరలు, వార్తలు, వాన కబుర్లు, వచ్చిందల్లా పట్టుకుంటూ డిస్కు నిండేదాకా ఆ డబ్బా నడిచింది.

ఈరమ్మ మళ్లీ ఆ ఇంటికి రాలేదు. బతుకమ్మకు ముందు వచ్చిన ఆ గురువారం, దీపాలు పెట్టే వేళకు, ఆపరేషను బల్ల మీదే పోయింది.