గ్రహణం కోసం కత్తిరించిన ఎక్స్‌రేలు

“పాత ఎక్స్‌రేలన్నీ ముక్కలు చేసి పెట్టు. గ్రహణం చూడ్డానికి వీధి వీధంతా మన గుమ్మం ముందే ఉంటుంది” అంటూ పొద్దున్నే మా ఆయన రొహేలియో అడుగు సొరుగు మొత్తం లాక్కొచ్చి నా ముందు గుమ్మరించాడు. వాటిలోంచి చూస్తే కళ్ళకు ప్రమాదమని రేడియోలో మొత్తుకుంటూనే ఉన్నారు. మా టొరియోన్ ఊళ్ళో వినేదెవరు? ముక్కలు పంచేది ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఆయన. కత్తెర పట్టుకుని వేళ్ళు నొప్పెట్టేది నాకు.

మాది కుక్కల ఆసుపత్రి. బోర్డు మీద ఆయన పేరొక్కటే ఉంటుంది. నేనూ పశువైద్యం మూడేళ్ళు చదివాను. పాప పుట్టగానే మా అత్తగారు “ఇంట్లో ఒక డాక్టరు చాలడా, నీకెందుకమ్మా ఆ పుస్తకాలు?” అంది. అప్పటి నుంచి కత్తులూ కత్తెరలూ మరగబెట్టడం, నేల కడగడం, కట్లు కట్టడం, ఆపరేషన్లో కాలు కదలకుండా పట్టుకోవడం నా పని. ఎవరైనా అడిగితే “మా ఆవిడ కాస్త సాయం చేస్తుంటుంది” అంటాడు. పదకొండేళ్ళుగా ఆ కాస్త సాయం చేస్తూనే ఉన్నాను.

ఆరో ఎక్స్‌రే మాత్రం విడిగా కాగితంలో చుట్టి ఉంది. మూల మీద ఆయన రాత: పింటో. నా కత్తెర ఆగిపోయింది. పింటో ముసలి సెల్సో గారి కుక్కపిల్ల. నిరుడు నాలుగు నెలల వయసులో దాని కాలు మోకాలికి కాస్త పైన విరిగితే రొహేలియో ప్లేటు పెట్టి మరలు బిగించాడు. మూడు నెలలకు ఆ కాలు పొట్టిగా, వంకరగా తయారైంది. “మా ఆవిడ కట్టు సరిగ్గా కట్టలేదు సెల్సో” అని నా ఎదుటే చెప్పాడు. నేను ఆ ముసలాయన్ని క్షమించమని అడిగాను కూడా. ఏడాదిగా ఏ కుక్కకి కట్టు కట్టినా బిగుతైందా, వదులైందా అని మూడుసార్లు విప్పి చూసుకుంటున్నాను. పింటో ఆపరేషన్ తర్వాత తీసిన ఎక్స్‌రే చూపించమంటే “పారేశాను” అన్నాడు. పారేసింది సొరుగు అడుగున ఎందుకుంది? పంచే హడావుడిలో చూసుకోలేదన్నమాట.

కిటికీ వెలుతురుకి ఎత్తి చూశాను. పిల్లకుక్క ఎముక కొస దగ్గరి మెత్తని గీత నుంచి పెరుగుతుంది. ఆ గీతకు ఇటూ అటూ మరలు దిగి ఉన్నాయి, తలుపుకి అడ్డంగా మేకులు కొట్టినట్టు. ఇక ఎముక పెరిగేదెలా? నా కట్టుకీ దీనికీ ఏ సంబంధమూ లేదు. ఒళ్ళు మండిపోయింది.

లోపల గోర్దితాలనే మొక్కజొన్న రొట్టెలమ్మే అంపారో, తన కుక్కపిల్ల కనేలాని బల్ల మీద పడుకోబెట్టి పక్కనే నిలబడి ఉంది. దీనిదీ పింటో వయసే, కాలు అదే చోట విరిగింది. మోకాలి పైన కాబట్టి పిండికట్టు నిలవదు. పొద్దున ట్రేలో మళ్ళీ ప్లేటు చూసి అడిగాను కూడా: “రెండు సన్నటి నున్నటి పిన్నులు అడ్డంగా వేస్తే చాలదా? ఎముక పెరుగుతుంది, అతికాక తీసేయొచ్చు.”

“వంటింటి సలహాలు వంటింట్లో ఇచ్చుకో” అన్నాడు. తెలియక చేస్తున్నాడనుకున్నాను. తెలియని మనిషి ఎక్స్‌రే ఎందుకు దాస్తాడు?

“గ్రిసెల్డా! మత్తివ్వబోతున్నా, వచ్చి కాలు పట్టుకో!”

బయట వెలుతురు తగ్గుతోంది. వీధికుక్కలు మొరుగుతున్నాయి. లోపలికి వెళ్ళి, లైటు పెట్టెకి పింటో ఎక్స్‌రే తగిలించాను.

“అంపారో, ఇది నిరుడు ఇక్కడే ప్లేటు వేసిన కుక్కపిల్ల కాలు. మరలు ఎక్కడున్నాయో చూడు. ఆ కాలు మళ్ళీ పెరగలేదు. నేను చదువు ఆపేసిన కాలేజీలో ఎముక పెరిగేలా పిన్నులు వేస్తారు. పద, నేనూ వస్తాను.”

అంపారో మరలున్న చోట వేలు పెట్టి చూసింది. తర్వాత కనేలాని శాలువాలో చుట్టి ఎత్తుకుంది.

“నీకేమైనా పిచ్చా? అవి బయట పంచమన్నాను కదా!” అని రొహేలియో అరిచాడు.

నేను ఎక్స్‌రే తీసి సంచిలో పెట్టుకున్నాను.

“పంచుతున్నాను. దారిలో సెల్సో గారి ఇల్లుంది.”