మెట్లెక్కినవారి లెక్క

మూడో అంతస్తులో రక్తపోటు కొలిచే నర్సుకు ఆస్పత్రిలో ‘రైలుబండి’ అని పేరు. గుమ్మంలో అడుగుపెట్టిన మనిషిని కుర్చీలో కూలేసి, చేతికి పట్టీ చుట్టి, అంకె రాసుకుని, ‘తరవాత’ అనడానికి ఆమెకు రెండు నిమిషాలు చాలు. ముప్పై ఏళ్లుగా ఆ వేగమే ఆమె గర్వం. ఊళ్లో రక్తపోటు మాత్ర వాడుతున్న అరవై దాటినవారందరి స్థితిగతుల మీద అధ్యయనం మొదలైనప్పుడు, పెద్ద డాక్టరు కొలిచే పనిని మరో ఆలోచన లేకుండా ఆమెకే అప్పగించాడు.

అందరూ అంటే నాలుగు వేల మంది. అన్నం ఉడికిందో లేదో చూడడానికి ఒక్క మెతుకు చాలునంటూ, చీట్లు తీసి రెండువందల నలభై మందిని ఎంచారు. వారిలో ముప్పై ఒక్కరి పేర్ల ఎదుట ‘రాలేదు’ అని రాసి, మిగిలినవారిని కొలిచారు. మూడింట రెండు వంతుల మందికి రక్తపోటు ఎక్కువేనని తేలింది. ఊళ్లోని నాలుగు వేల మందికీ మాత్ర రెట్టింపు చేసే ఉత్తర్వు తయారైంది. సోమవారం సంతకమే తరువాయి.

ఆ కొలతలు రాసిన ఆస్పత్రి పుస్తకంలో నర్సు ఆడపడుచు పేరు కూడా ఉంది. గ్రంథాలయంలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి, నోరు మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది.

“చెయ్యి చాపండి వదినా. ఎల్లుండి నుంచి మీకు రెండు మాత్రలు. ఇవాళ్టి అంకె రాసిపెట్టుకుందాం,” అంది నర్సు, శనివారం సాయంత్రం ఇంట్లో.

“ఒక్కదానికే లేచినప్పుడల్లా గోడలు తిరుగుతున్నాయి. రెండేస్తే ఇల్లే ఊరేగుతుందేమో!”

పై అంకె నూట ఇరవై ఆరు. ఆస్పత్రి పుస్తకంలో ఉన్నది నూట అరవై రెండు. ఇంట్లో పరికరం పాడై ఉంటుందనుకుని నర్సు మర్నాడు ఆస్పత్రి పరికరమే తెచ్చి కొలిచింది. నూట ఇరవై నాలుగు.

“ఇంట్లో కంటే మీ ఆస్పత్రిలోనే నాకు హడలెక్కువని రాసుకో మరదలా.”

“వేళాకోళం ఆపండి. ఆ రోజు ఏం చేసి వచ్చారు?”

“ఏం చేస్తాను? ఏడాదిగా పడకేసిన మీ లిఫ్టుకో దణ్ణం పెట్టి అరవై ఆరు మెట్లెక్కాను. రొప్పుతూ గుమ్మంలోకి వచ్చానో లేదో, గద్ద కోడిపిల్లని తన్నుకుపోయినట్టు లాక్కెళ్లి పట్టీ చుట్టేశావు. కాస్త ఊపిరి పీల్చుకోనీవే అన్నాను. వింటేగా!”

మనిషి ఐదు నిమిషాలైనా కదలకుండా కూర్చున్నాకే కొలవాలన్నది శిక్షణలో మొదటి వారం నేర్పిన పాఠం. నర్సుకు తెలియనిది కాదు. తన వేగం మీది మోజులో పక్కన పెట్టేసింది. పుస్తకంలో వయసుకు గడి ఉంది, బరువుకు గడి ఉంది, మాత్ర మోతాదుకు గడి ఉంది. ఎక్కిన మెట్లకు లేదు. చోటివ్వని ఆ ఒక్క సంగతే మిగతా అంకెలన్నిటినీ మార్చేసింది. ఇక ముసలివారి మీద అధ్యయనాన్ని లిఫ్టు లేని మూడో అంతస్తులో పెట్టిన బుద్ధికైతే ఏ పుస్తకంలోనూ గడి ఉండదు.

“ఆ రాలేదన్న ముప్పై ఒక్కమంది,” అంది వదిన, ఈసారి నవ్వకుండా. “రాలేదా, ఎక్కలేకపోయారా? పైపై మెతుకులే పట్టి చూస్తే అడుగున మాడింది ఎట్లా తెలుస్తుంది?”

సోమవారం తొమ్మిది కాకముందే నర్సు పుస్తకంతో పెద్ద డాక్టరు గదిలో నిలబడింది.

“సంతకం పెట్టకండి సార్. నేను తప్పుగా కొలిచాను.”

“ఎవరిని సిస్టర్?”

“రెండువందల తొమ్మిది మందిలో ఒక్క పూట వచ్చినవాళ్లని తప్ప అందరినీ. మెట్లెక్కిన రొప్పు తగ్గకముందే.”

ఆయన కళ్లజోడు తీశాడు. ఆమె ఒక పేజీ విప్పింది. పరికరం మొరాయించిన ఒకే ఒక్క పొద్దున, కొత్తది వచ్చేదాకా పద్దెనిమిది మంది బెంచీ మీద నలభై నిమిషాలు కూర్చున్నారు. వారిలో పద్నాలుగు మందికి రక్తపోటు ఉండవలసినంతే ఉంది.

“ఇది బయటికొస్తే మీ ఉద్యోగానికి ఎసరు, నా పరువుకు ఎసరు. తెలుసా?”

“తెలుసు సార్. నా పేరు పెట్టే రాసిస్తాను. రెండో మాత్ర మింగి జనం కళ్లు తిరిగి పడితే మాత్రం, దాని కింద ఎవరి పేరు రాసుకుంటాం?”

పెద్ద డాక్టరు ఆ పేజీని రెండుసార్లు చదివాడు. తరవాత ఉత్తర్వు కాగితాన్ని అడ్డంగా కొట్టేశాడు.

“కింద మందుల గది పక్కన కుర్చీలు వేయించండి. మళ్లీ మొదటినుంచి కొలుద్దాం. ముందు ఎవరిని పిలుస్తారు?”

“రాలేదని రాసినవాళ్లని.”

మర్నాడు మొదట వచ్చినవాడు వడ్రంగి తాత. కూతురి భుజం పట్టుకుని నడిచాడు. పది నిమిషాలు కూర్చోబెట్టేసరికి అసహనంతో కదిలాడు.

“మీరు రైలుబండి కదమ్మా? ఇంత ఆలస్యమేంటి?”

“నోరు కూడా కదపకూడదు పెద్దాయనా.”

పై అంకె తొంభై ఎనిమిది. మరోసారి కొలిస్తే నూరు.

“కళ్లు తిరుగుతున్నాయా?”

“మూడు నెలల నుంచి. రంపం పట్టుకుంటే చెక్క రెండుగా కనపడుతోంది. ముసలితనం అనుకుని పనిముట్లన్నీ పెట్టెలో పెట్టేశా.”

ఉన్న ఒక్క మాత్రే అతనికి ఎక్కువైంది. పెద్ద డాక్టరు చీటీ మీద ‘సగం’ అని రాసి, దాని కింద రెండు గీతలు గీశాడు.

“అయితే మళ్లీ పనిలోకి పోవచ్చంటారా?” అన్నాడు తాత, కూతురి భుజం వదిలి.

“వారం చూసి చెబుతాను,” అంది నర్సు. “ఈలోగా పెట్టె అమ్మేయకండి.”