దొరకని అక్షరం

మళ్ళీ సీసపు 'దొ'లు అయిపోయాయి. బందరు అచ్చాఫీసుల్లో కావలసింది ఒక్కనాడూ ఉండదు. అక్కర్లేని 'ఝ'లు మాత్రం తట్టెడు.

పట్టాభిరామయ్య పంతులుగారు కండువాతో విసురుకుంటూ కంపోజిటరు దైవాధీనం పక్కన నిలబడ్డారు. పన్నెండేళ్ళు రాసిన నిఘంటువు 'ద' దగ్గర ఆగిపోయింది.

"దొ లేకపోవడమేమిటయ్యా?"

"పీఠిక మింగేసిందండి. దివిసీమ జమీందారు బాబూరావుగార్ని తమరు నలభైమూడుసార్లు 'దొరవారు' అన్నారు. ఓ రెండు తగ్గిస్తే దొంగకి సర్దుతానండి."

"దొరవారిని తగ్గించి దొంగకిస్తావా!" పంతులుగారు చెవులు మూసుకున్నారు.

పుస్తకం అచ్చు వేయించేది ఆ దొరవారే. షరతు ఒక్కటే: 'దొర' అనే మాట దేవలోకం నుంచి దిగినట్టు రుజువవ్వాలి. అందుకే 'దివ్యవరుడు అరిగి అరిగి దొర అయ్యెను' అని రాశారు. రాసిన రోజున కాస్త సిగ్గేసింది. జీలకర్ర నమిలితే తగ్గింది.

దైవాధీనం ముప్పైయేళ్ళుగా నిలబడే పనిచేస్తున్నాడు. ఎడంచేతిలో అక్షరాలు పేర్చే ఇనప స్టిక్కు. కుడిచేతి వేళ్ళకి సీసం నలుపు. ఎవరి రాతా దిద్దలేదు. ఎవరూ అతన్ని ఏమీ అడగలేదు కూడా.

ఇవాళ పంతులుగారు తోచక అడిగారు. "దొరంటే నీకేమనిపిస్తుందయ్యా?"

"నేను అక్షరాల్ని తలకిందులుగా చదివేవాణ్ణి కదండీ. నాకన్నీ తిరగబడే కనిపిస్తాయి. అర అడుగున వెతికితే మూడు 'దొ'లు దొరికాయి, సర్దేస్తాను. తమరు కాఫీ తాగి రండి."

తిరిగొచ్చేసరికి దైవాధీనం స్టూలుమీద కూర్చుని, అక్షరాల అరలమీద తలవాల్చి ఉన్నాడు.

"పనివేళ కునుకేమిటయ్యా?" పంతులుగారు భుజం కుదిపారు. భుజం కదిలింది. మనిషి కదల్లేదు.

పక్క కంపోజిటర్లు వచ్చి దైవాధీనం పిడికిలి విప్పితే అందులో ఒకే ఒక్క 'దొ'. స్టిక్కులో ఏముందో చదవడానికి జీవితంలో మొదటిసారి పంతులుగారు తల వంచాల్సొచ్చింది: 'దొర: దొరకని'. అంతే. తర్వాతి మాటేమిటో ఆ మిగిలిన 'దొ' చెబుతూనే ఉంది. పంతులుగారు అదిరిపడి, ఇంకెవరైనా చదివారేమోనని చుట్టూ చూశారు.

ఇంతలో దైవాధీనం భార్య రత్నం పరిగెత్తుకొచ్చి గుండెలు బాదుకుంది. "నన్నొదిలిపోయావా, నా దొరా!"

పంతులుగారు రెండోసారి అదిరిపడ్డారు. ఈ అర్థం పన్నెండేళ్ళ నిఘంటువులో ఎక్కడా లేదు.

ఎల్లుండి ప్రూఫు కోసం దివిసీమ నుంచి మనిషొస్తాడు. పంతులుగారికి తిండి సహించడంలేదు, జీలకర్ర పనిచెయ్యడంలేదు. బాబ్బాబు, మీరైనా చెప్పండి, ఆయన్నేం అచ్చు వెయ్యమంటారు? స్టిక్కు బల్లమీద అలాగే ఉంది. పక్కనే ఆ ఒక్క 'దొ', చెమట తడి ఇంకా ఆరనట్టే.