కొట్లాట ఉన్న పుస్తకం

హుకుంపేట దగ్గరి ఆశ్రమ పాఠశాలలో ఆడపిల్లల చేత కథలు చదివించాలని లైబ్రరీ చూసే మాధవి మేడమ్ పట్టుబట్టి కూర్చుంది. ఏ పిల్లకి ఏ పుస్తకం నచ్చుతుందో మొహం చూసి చెప్పగలనని ఆవిడకి కాస్త గీర కూడా. ఆ గీరంతా తొమ్మిదో తరగతి కనక దగ్గర దిగిపోయింది. నీతికథలు, దెయ్యాల కథలు, ప్రేమకథలు, ఏదిచ్చినా మర్నాటికల్లా బల్ల మీద పడేసేది.

"నీకేటి కావాలే గుంటా?" అని విసుక్కుంది మాధవి.

"కొట్లాట ఉండాల మేడమ్. దెబ్బ తగిలితే నెత్తురు రావాల. ఈటిల్లో ఎవులూ ఎవుల్నీ కొట్టరు. అన్నీ అబద్దాలు."

మాధవి వెతికి వెతికి ఒక నవల తీసింది. తాగొచ్చి తల్లిని కొట్టి చంపిన తండ్రి మీద పగబట్టిన కూతురి కథ అది. ఇవ్వొచ్చా అని జంకి, ఇచ్చేసింది. కనక అన్నం మానేసి చదువుతుంటే మురిసిపోయింది కూడా. ఇటుకల పండక్కి ఇంటికెళ్తూ ఆ పిల్ల పుస్తకాన్ని సంచిలో వేసుకుపోయింది.

ఆ పండక్కి మగాళ్లు వేటకెళ్తారు. ఉత్తచేతులతో తిరిగొస్తే ఆడవాళ్లు పేడ కొడతారు. నవ్వి ఊరుకోవాలే తప్ప కోపం తెచ్చుకోకూడదు, అది ఊరి కట్టు. కనక తండ్రి సోంబరు ఉత్తచేతులతో వచ్చాడు. కూతురు విసిరిన పేడముద్ద సరిగ్గా అతని మొహానే పడింది. ఊరంతా విరగబడి నవ్వింది, అతనూ నవ్వాడు. ఆ నవ్వు ఇంటి గుమ్మం దాకానే.

ఇంట్లోకి రాగానే పెళ్లాం రత్నాలు జుట్టు పట్టి గోడకేసి కొట్టాడు. "కూతురికి ఇదేనేటే నేర్పినావు?" అంటూ డొక్కలో తన్నాడు. ఆమె నోట్లోంచి నెత్తురు కారింది. అడ్డమొచ్చిన కనక పెదవి చితికిపోయింది. పిల్ల పుస్తకాన్ని కూడా లాక్కుని పొయ్యిలో పారేశాడు. కనక మంటలో చెయ్యిపెట్టి దాన్ని బయటికి లాగి, రెండో చేత్తో గొడ్డలి ఎత్తింది.

ఇదంతా మర్నాడు పొద్దున్నే లైబ్రరీ గదిలో నిలబడి కనకే చెప్పింది. కుడిచెయ్యి బొబ్బలెక్కి ఉంది. బల్ల మీద పెట్టిన పుస్తకంలో వెనక సగం కాలిపోయింది.

"గొడ్డలి ఎత్తి ఏం చేశావే?" అంది మాధవి.

"అది తరవాత. ఇందులో గుంట ఆకర్న తండ్రిని సంపిందా లేదా, ముందది సెప్పండి."

చంపింది. నరికి నరికి చంపింది. ఏరికోరి ఇలాంటి పుస్తకాన్ని ఈ పిల్ల చేతిలో పెట్టిన తన తెలివి మీద మాధవికి అసహ్యం వేసింది.

"లేదమ్మా. వదిలేసి వెళ్లిపోయింది," అంది.

కనక కళ్లార్పకుండా చూసింది. "మీరూ అబద్దాలే సెప్తారేటి మేడమ్? నాను ఏ పుస్తకవైనా ఆకరి పేజీ ముందు సదివీసి మొదలెడతాను. నరికీసింది. మీరేటి సెప్తారో సూద్దారని అడిగినాను."

మాధవి కాలిన పుస్తకాన్ని పక్కకి జరిపింది.

"నానూ నరికీసీదాన్నే. అయితే ఆ గుంటకి అప్పటికే అమ్మ లేదు. నాకుంది. నాను జైలుకెల్తే మాయమ్మకి ఎవులున్నారు? అందుకే గొడ్డలి తీసుకెల్లి గెడ్డ నీల్లలో పారీసినాను. మాయమ్మ ఇంకా ఆ ఇంట్లోనే ఉంది. బేగి తెచ్చీయాల. మీరొస్తారా?"

మాధవి పోలీసులకి ఫోన్ చేసి, చెప్పులేసుకుంది. ఈసారి నిజమే చెప్పింది. "నాకు భయంగా ఉందే."

"నాకూ ఉంది. పదండి," అంది కనక.