అమ్మ పెట్టెకు కుట్టిన చీటీ

సూదక్క అసలు పేరు ఆమె కుట్టుషాపుకు వచ్చేవాళ్ళలో ఎవరికీ తెలియదు. చేతిలో సూదికన్నా నోట్లో మాట పదునని ఎవరో పెట్టిన పేరది. అలాంటి మనిషి ఓడ ఎక్కే రోజు పొద్దుట్నుంచీ నోరు మెదపలేదంటే, లోపల ఎంత ఉడికిపోతోందో ఊహించుకోవచ్చు.

ఈ విహారయాత్ర ఏర్పాటంతా చెల్లెలిది. వారం రోజులు సముద్రం మీద, మూడు గదులు. ఒకదాంట్లో చెల్లెలి మొగుడూ ఇద్దరు పిల్లలూ. బాల్కనీ ఉన్నదాంట్లో చెల్లెలూ అమ్మా. మిగిలింది, కిటికీ కూడా లేనిది, సూదక్కకు. ఒక్కదానివే హాయిగా పడుకోవచ్చని చెల్లెలు ఫోన్‌లో చెప్పినప్పుడు సూదక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది. పదకొండేళ్ళుగా అమ్మ ఉంటున్నది ఎవరింట్లో? మోకాళ్ళకు నూనె రాసేదెవరు? పూటపూటా మాత్రలు తీసి అరచేతిలో పెట్టేదెవరు? ఏడాదికి రెండుసార్లు చుట్టపుచూపుగా వచ్చిపోయేదానికి బాల్కనీ, పక్కన అమ్మ! సొమ్మొకడిది సోకొకడిదంటే ఇదే. అమ్మయినా అడ్డు చెప్పిందా అంటే అదీ లేదు. ఓడ బొమ్మ ఇరుగుపొరుగుకు చూపించి, మా చిన్నది తీసుకెళ్తోందని మురిసిపోయింది.

ఓడవాళ్ళకో పద్ధతుంది. పెద్ద పెట్టెలు మనం మోసుకుపోనక్కర్లేదు. గది నంబరున్న చీటీ తగిలించి రేవులో అప్పజెబితే, సాయంత్రానికి ఆ గది గుమ్మం ముందుకు అవే వచ్చేస్తాయి. చెల్లెలు పెట్టెకు రెండేసి చొప్పున చీటీలు పంపింది. పిన్ను కొడితే ఊడిపోతుందని సూదక్క అనుమానం. అందుకే ఒక్కో చీటీనీ గుడ్డముక్క మీద పరిచి, జీన్సులకు వాడే దారంతో పెట్టెల పిడులకు కుట్టేసింది. అమ్మ పెట్టె దగ్గరికి వచ్చేసరికి ఆమె చెయ్యి ఆగింది. తన పెట్టెకు ఒకటే కుట్టింది కనక తన గది చీటీ ఇంకొకటి మిగిలే ఉంది. దాన్ని తీసి అమ్మ పెట్టెకు కుట్టింది. మాత్రలన్నీ అందులోనే ఉన్నాయి. పెట్టె ఎటొస్తే అమ్మ అటు రాక తప్పదు, తన గదిలో రెండో మంచం ఎలాగూ ఖాళీయే.

రేవులో ఓడ ఎక్కేముందు ఫొటో తీశారు. అమ్మ వెళ్ళి చిన్నకూతురి చెయ్యి పట్టుకుని నిలబడింది. అమ్మ చేతిసంచీ, నీళ్ళసీసా, శాలువా పట్టుకుని సూదక్క చివర్న నిలబడింది. నవ్వమన్నాడు ఫొటో తీసేవాడు. ఆమె పళ్ళు బిగించింది, వాడు దాన్నే నవ్వనుకున్నాడు.

సాయంత్రానికి అనుకున్నట్టే పెట్టె వచ్చింది. కాసేపటికి దాన్ని వెతుక్కుంటూ అమ్మా వచ్చింది. ఓడవాళ్ళు ఏదో తారుమారు చేసుంటారని సూదక్క ఎంతో సహజంగా చెప్పింది. అమ్మ వంగి పిడి మీద బొటనవేలుతో తడిమి చూసింది.

"వాళ్ళు సరిగ్గానే తెచ్చారు. కుట్టు నీదే."

దొంగకు తేలు కుట్టినట్టయింది సూదక్కకు. పొద్దుట్నుంచీ బిగబట్టిందంతా బయటికొచ్చేసింది. "అవును, నేనే కుట్టా. నాకు కుళ్ళే. నేనేం తక్కువ చేశానని దాని పక్కన చేరావు?"

అమ్మ మంచం అంచున కూర్చుంది. తనను బాల్కనీ గదిలో పెట్టమని చిన్నదాన్ని అడిగింది తానేనని చెప్పింది.

"నువ్వేం తక్కువ చెయ్యలేదే. నీ దగ్గర కళ్ళు తెరిస్తే చాలు, నేను రోగిని. దానికి నా మోకాళ్ళ సంగతే గుర్తుండదు. వారం రోజులు నేనూ మర్చిపోదామనుకున్నా."

సూదక్క చేతిలో ఇంకొక్క అస్త్రం మిగిలింది. ఏ మాత్ర తిండికి ముందో, ఏది తర్వాతో దానికేం తెలుసని అడిగింది.

అమ్మ పెట్టె తెరిచి మాత్రల డబ్బా తీసి, ఒక్కొక్కటే చూపిస్తూ చెప్పింది. తెల్లది పొద్దున పరగడుపున, పసుపుది తిన్నాక, గుండ్రటిది రోజు విడిచి రోజు, సగానికి విరిచేది పడుకోబోయేముందు. ఒక్కటీ తప్పలేదు.

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

"మొదట్నుంచీ. నువ్వు పెడితే నీకు తృప్తి కదా అని చెయ్యి చాపేదాన్ని."

అమ్మ డబ్బా లోపల పెట్టి, పెట్టె మూసి, లేచింది. పిడి పట్టుకుని నడవాలోకి లాగింది. సాయం పట్టబోయింది సూదక్క.

"వదులు. నేను తీసుకెళ్ళగలను" అంది అమ్మ. కసురుకోలేదు, మామూలుగానే అంది.