పేచ్‌కస్ పట్టని రోజు

పనిముట్లకి చేసే విశ్వకర్మ పూజ ముగియగానే కల్యాణి లాప్‌టాప్ మూత తెరిచి బటన్ నొక్కింది. పచ్చదీపం ఒక్కసారి మెరిసి ఆరిపోయింది. మళ్ళీ నొక్కింది. ఈసారి అదీ లేదు.

గది మధ్యలో ఎంబ్రాయిడరీ మెషిన్ బంతిపూల దండ వేసుకుని నిలబడి ఉంది. దానికి సొంత బుర్ర లేదు. లాప్‌టాప్ నుంచి కేబుల్ గుండా డిజైన్ వస్తేనే సూది కదులుతుంది. రేపు బడి తెరిచేసరికి బ్లేజర్ జేబుల మీద బడి గుర్తు కుట్టి అప్పజెప్పాలి. సగం జేబులు ఇంకా ఖాళీగానే ఉన్నాయి.

అవి అందకపోతే మెషిన్ పోతుంది. అది సన్యాసిరావుది. ఆయన కల్యాణి అత్త నూకాలమ్మకి పెదనాన్న కొడుకు. "ఈ ఆర్డరు టైముకి ఇచ్చినావా, మిషన్ నీ కాడే ఉంటాది. లేదా, గోవింద్‌పూర్లో మా బావమరిది అడుగుతున్నాడు" అని నలుగురి ముందు మాటిచ్చాడు.

ఆ సన్యాసిరావే ప్రసాదం కోసం అప్పుడే గుమ్మంలోకి వచ్చాడు.

"ఏటమ్మా, ముఖం అలగుంది?"

"లాప్‌టాప్ ఆన్ అవట్లేదు మావయ్యా."

ఆయన దాన్ని చేతిలోకి కూడా తీసుకోలేదు. "ముసలిదయిపోయినాది. ఇంకెన్నాళ్ళు బాగుసేయించుతావు? బిష్టుపూర్ బజార్లో నాకు తెలిసిన షాపుంది. ఇయ్యాల పండగ ఆఫరు. పాతది పడెయ్, కొత్తది తెచ్చుకో. నా పేరు సెప్పు."

కల్యాణి సంచీ సర్దుకుంటూనే దారిలో ఉన్న రిపేరు దుకాణం గురించి ఆలోచించింది. అతను చూస్తే చాలు, బాగుచేయొచ్చో లేదో తేలిపోతుంది. భర్త నాగేంద్రబాబుకి ఫోన్ చేసింది. అతను పనిచేసే కంట్రాక్టర్ షెడ్‌లో పూజ జరుగుతోందేమో, ఎత్తలేదు.

కాసిడీహ్ మలుపులో రిపేరు దుకాణం తెరిచే ఉంది. అయితే బల్ల మీద పనిముట్లన్నీ ఎర్రగుడ్డ మీద పరిచి ఉన్నాయి. వాటి ముందు అగరొత్తులు. దుకాణదారుడు నవ్వుతూ ఖిచిడీ దొన్నె అందించాడు.

"భయ్యా, ఒక్కసారి విప్పి చూడండి."

"ఆజ్ నహీఁ దీదీ. ఈరోజు పేచ్‌కస్ పట్టం, మర విప్పం. మా నాన్న పట్టలేదు, నేను పట్టను." లాప్‌టాప్‌ని చెవి దగ్గర పెట్టుకుని ఊపి, తిరిగి ఇచ్చేశాడు. "బోర్డు పోయి ఉంటుంది. రేపు తీసుకురండి."

రేపటికి పనే ఉండదు.

దండలు వేసుకున్న ఆటోలు మైకుల్లో పాటలు పెట్టుకుని మెల్లగా పోతున్నాయి. ఏదీ ఆగలేదు. చివరికి ఒక మినీబస్సు దొరికింది. నిలబడే బిష్టుపూర్ చేరింది. దారి పొడవునా సంచీని గుండెలకి అదుముకునే ఉంది. ఈ లాప్‌టాప్ ఎప్పుడూ సతాయించేదే. ఫ్యాన్ రొద, ఊడిపోయిన రెండు మీటలు, మూత కింద పెట్టాల్సిన చెక్కముక్క. అయినా ఇన్నాళ్ళూ మోసం చేయలేదు.

సన్యాసిరావు పేరు చెప్పగానే బిష్టుపూర్ షాపతను కుర్చీ తుడిచి వేశాడు. కొత్త లాప్‌టాప్ నల్లగా, పలచగా నిగనిగలాడుతోంది. రసీదు పుస్తకం తెరిచాడు. పాతదాన్ని అందుకుని వెనక్కి తిరిగి, గోడవారగా ఉన్న పాత లాప్‌టాప్‌ల గుట్ట మీద పెట్టేశాడు.

కల్యాణి కొత్తదాన్ని అటూ ఇటూ తిప్పింది. తన సంచీలోంచి మెషిన్ కేబుల్ తీసింది. కేబుల్ చివర తొమ్మిది సూదులు పట్టే సాకెట్. లాప్‌టాప్ చుట్టూ ఎక్కడా దానికి చోటు లేదు.

"ఇది ఎక్కడ పెట్టాలి?"

"అది పాత జమానా పోర్టు. ఇప్పటివాటికి రాదు. మధ్యలో పెట్టే కన్వర్టర్ కోల్‌కతా నుంచి తెప్పిస్తాను, వారం పడుతుంది." అతను కలం మూత తీస్తూ అన్నాడు. "మీ మావయ్యకి కూడా చెప్పాను కదా."

కల్యాణి తలెత్తింది. "ఏం చెప్పారు?"

"పోయిన నెల ఇదే మోడల్ తీసుకెళ్ళారు. బావమరిదికి ఎంబ్రాయిడరీ మెషిన్ వస్తోంది, దానికి అన్నారు. కేబుల్ ఫోటో చూపించారు, ఇదే. కలవదని నేనే చెప్పి, వెనక్కి తీసుకున్నాను."

కల్యాణి కేబుల్ చుట్టి సంచీలో వేసుకుంది. కొత్తది పనికిరాదని ఆయనకి తెలుసు. తెలిసే పంపాడు. మెషిన్‌ని పోయిన నెలే బావమరిదికి రాసిపెట్టుకున్నాడు. నలుగురి ముందు ఇచ్చిన మాట తప్పకుండా దాన్ని తీసుకెళ్ళాలంటే ఒక్కటే దారి. తను ఓడిపోవాలి.

"రసీదు ఆపండి. నాది నాకిచ్చేయండి."

గుట్ట మీదకి వంగినప్పుడు కనిపించింది. తన లాప్‌టాప్ కింద అదే బూడిద రంగులో ఇంకొకటి. అదే కంపెనీ, అదే మూత. తెర మూల పగిలి ఉంది. పక్కకి తిప్పి చూసింది. తొమ్మిది సూదుల పోర్టు ఉంది.

"ఇది నడుస్తుందా?"

షాపతను పకపకా నవ్వాడు. "కొత్తది కొనడానికి వచ్చి చెత్త అడుగుతారేంటి దీదీ? నడుస్తుంది. లోపల డిస్కు లేదు, ఇచ్చినవాళ్ళు తీసుకుపోయారు."

"డిజైన్లన్నీ నా దాని డిస్కులో ఉన్నాయి, అది ఇందులోకి మార్చి ఇవ్వండి."

"ఈరోజా?" అతను గోడ మీద ఉన్న విశ్వకర్మ పటం వైపు చెయ్యి చూపించాడు.

కల్యాణి బేరమాడలేదు. చేతిలో ఉన్న డబ్బు ఇచ్చి, రెండు లాప్‌టాప్‌లూ సంచీలో వేసుకుని పరుగెత్తింది.

ఇంట్లో పేచ్‌కస్ ఒక్కటే ఉంది. కుట్టుమిషన్ డబ్బాలో ఉండే చిన్నది. ఇప్పుడది కత్తెర పక్కన, బాబిన్ల పక్కన పూజలో ఉంది, పిడికి కుంకుమతో. దాని ముందు నూకాలమ్మ కూర్చుని ఉంది.

"అత్తా, అది కావాలి."

"ఏటే, మతుండే మాట్లాడతన్నావా? పూజయిన మిషన్ని నడుపుకో, కాదన్ను. విప్పడం మాత్రం కూడదు. మా మావగారి కాలం నుంచీ ఈ ఇంట్లో ఇయ్యాల మేకు తీసినోడు లేడు."

"విప్పకపోతే మెషిన్ పోతుంది."

"పోతే పోనీ. మనుసులకేటన్నా అయితే?"

కల్యాణి నేల మీద కూర్చుంది. పాత లాప్‌టాప్‌ని సంచీలోంచి తీసి బోర్లించింది. మీటల సందుల్లోంచి ఒక చుక్క జారి గచ్చు మీద పడింది. వేలితో అద్ది వాసన చూసింది. కొబ్బరినీళ్ళు.

తడి వేలు పైకెత్తింది. అత్త వైపు చూసింది.

నూకాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మూతెత్తి నాలుగు సుక్కలే జల్లినాను. నువ్వు పువ్వులు కోత్తన్నప్పుడు. మిషన్‌కి జల్లి దీనికి జల్లకపోతే ఎలగ, దీని మీదే గదా బతుకు అనుకున్నాను. పడీపడగానే దీని దీపం టపామంది. బయమేసినాది."

"పొద్దున్నే చెప్పొచ్చు కదా అత్తా."

"నువ్వూ పాడయింది అంటన్నావు, తమ్ముడూ ముసలిదయింది అంటన్నాడు. అలగే అయుంటాదిలే అనుకున్నాను."

"మీ తమ్ముడు ఏం చేశాడో విను." కల్యాణి షాపులో విన్నది చెప్పింది.

నూకాలమ్మ కొంగు నడుముకి దోపుకుంది. తర్వాత లేచి, దేవుడి ముందున్న పేచ్‌కస్ తీసి కళ్ళకద్దుకుంది. కల్యాణి చెయ్యి చాపితే ఇవ్వలేదు.

"నువ్వు ముట్టకు. నీళ్ళు జల్లింది నాను. మేకూ నానే తీత్తాను. ఏదైనా అయితే నాకే అవుతాది. ఎక్కడో సూపించు."

కల్యాణి మూలలో ఉన్న మర చూపించింది. నూకాలమ్మ కళ్ళు చికిలించి దగ్గరికి వంగింది. పేచ్‌కస్ రెండుసార్లు జారింది. మూడోసారి మర తిరిగింది. లోపలినుంచి డిస్కు పొడిగా, పెట్టినట్టే బయటికొచ్చింది. పగిలిన తెరదాంట్లోకి దూర్చారు. నూకాలమ్మ మర బిగించి, పేచ్‌కస్‌ని మళ్ళీ దేవుడి ముందు పెట్టి లెంపలేసుకుంది.

బటన్ నొక్కింది కల్యాణి. తెర నల్లగానే ఉంది. ఫ్యాన్ గురకపెట్టింది. తెర మూలనున్న పగులు చుట్టూ వెలుగు పాకింది. తర్వాత బడి గుర్తు వచ్చింది.

కేబుల్ బిగించింది. సూది దిగింది.

పొద్దు వాలుతుండగా వీధిలో టెంపో ఆగింది. దండ వేసిన టెంపో. సన్యాసిరావు ఇద్దరు కూలీలతో, స్పానర్లతో లోపలికి వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయాడు. మెషిన్ టకటకమంటూ కుడుతోంది.

"కొత్తది తెచ్చినావా?"

"లేదు మావయ్యా. ఇంకో ముసలిదాన్ని తెచ్చాను."

ఆయన పగిలిన తెర చూసి తేరుకున్నాడు. "ఇది రేపటిదాకా నడుస్తాదా ఏటి? టెంపో కాళీగా ఉంది, ఇప్పుడే పట్టుకుపోతాను. ఒరే, బోల్టులు విప్పండి."

నూకాలమ్మ మెషిన్‌కి అడ్డంగా వచ్చి నిలబడింది.

"ఇయ్యాల మిషన్ విప్పకూడదు తమ్ముడా. తెలీదా నీకు?"

"మరి ఆ లాప్‌టాప్ ఎలగ విప్పినారు? దాని అంచున కుంకుమ మరక కనబడతన్నాది గదే అక్కా."

"ఆ పాపం నాను సేసినాను. రెండోది నా ఇంట్లో సెయ్యనివ్వను. రేపు రా. జేబులు అందకపోతే నానే మోసి టెంపోలో పెడతాను."

కూలీలు ఒకరినొకరు చూసుకుని స్పానర్లు వెనక్కి దాచుకున్నారు. పూజ రోజు బోల్టు ముట్టడం వాళ్ళకీ ఇష్టం లేదు. సన్యాసిరావు గుమ్మం దగ్గర స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఆయన చూపంతా తెర మీదే. ఫ్యాన్ రొద మారినప్పుడల్లా కల్యాణి వేళ్ళు బిగుసుకున్నాయి. ఆయన మెడ ముందుకు సాగింది. ప్రతిసారీ ఫ్యాన్ మళ్ళీ అందుకుంది. వీధిలో టెంపో డ్రైవర్ హారన్ కొట్టీ కొట్టీ చివరికి ఇంజను స్టార్ట్ చేశాడు. సన్యాసిరావు విసురుగా లేచాడు. ప్రసాదం తీసుకోకుండానే వెళ్ళిపోయాడు.

మర్నాడు బడి తెరవగానే గుమాస్తా జేబుల కట్ట విప్పి, గుర్తు మీద వేలితో రుద్ది చూసి, బీరువాలో పెట్టి తాళం వేశాడు.

కల్యాణి ఇంటికి వెళ్ళలేదు. బడి గేటు దాటగానే కనిపించిన మొదటి ఆటో ఆపింది. దాని దండ అప్పుడే వాడిపోయింది. తెర పగిలిన ఆ లాప్‌టాప్ ఎన్నాళ్ళుంటుందో తెలియదు. కొత్తది మెషిన్‌తో మాట్లాడదు. పాతవాటి గుట్టని పాత సామాన్లవాడు ఎప్పుడు ఎత్తుకుపోతాడో అదీ తెలియదు.

"బిష్టుపూర్. జల్దీ."

షాపతను షట్టరు సగమే ఎత్తాడు. ఆమె వంగి లోపలికి దూరింది. గుట్ట నిన్నటికన్నా పెరిగింది.

"అలాంటిదే ఇంకోటి కావాలి," అంది, అప్పటికే వెతుకుతూ.